లక్క సీలు కింద ఫిల్ము

బందరులో ఇంగ్లీషుపాలెం వైపు ఒక పాత మేడ పైగదిలో ఇందిరాదేవి గారు పని చేస్తారు. ఫిల్ము డబ్బా మూతను ఆమె ఒక్కసారిగా తీయరు. ఒక పక్క వేలెడంత ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుంటారు. ఏ వాసనా రాకపోతే ఫిల్ము బతికి ఉన్నట్టు. పులిసిన కల్లు వాసన వస్తే దానికి చావు మొదలైనట్టు. పాతకాలపు ఫిల్ము తనలోంచి తానే ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆవిరికి బయటికి పోయే దారి ఉంటే ఫిల్ము కొన్నేళ్లు తట్టుకుంటుంది. దారి మూస్తే ఆ ఆవిరే మిగతా ఫిల్మును తినేస్తుంది. అందుకే ఆమె గదిలో డబ్బాలకు సందులుంటాయి. ఏసీ ఆగదు.

ఆమెది గుడివాడ. లైబ్రరీ సైన్సు చదివి, పుణేలోనూ మద్రాసులోనూ ఫిల్ము భండారాల్లో ఇరవై ఏళ్లకు పైగా కేటలాగులు రాసి, స్థానిక ట్రస్టు ఒకటి గది ఇస్తానంటే తిరిగి వచ్చారు. పెదపారుపూడి నుంచి పెళ్లి రీళ్లు, మొవ్వ నుంచి నాటకాల రీళ్లు, బందరు నుంచి ఎన్నికల ఊరేగింపులు ఆమె దగ్గరికి చేరాయి. ప్రతి రీలునూ చూస్తారు. ఎవరు, ఎక్కడ, వెనక ఏ గోడ, ఏ కాలవ, ఫిల్ము ఆరోగ్యం ఎలా ఉంది, ఎలా ఉంచితే నిలుస్తుంది, అన్నీ రాసి అందరికీ కనబడేలా ఇంటర్నెట్లో పెడతారు. పెట్టేముందు ఎవర్నీ అడగరు. "ఎవరికీ తెలియని డబ్బా ఉన్నా లేనట్టేనండీ" అంటారు.

ఆమెకు చెరుపు చేసింది ఈ నిజాయితీయే.

నాగాయలంక దాటాక సముద్రం వైపు మడచెట్లపాలెం అని చేపలు పట్టేవాళ్ల ఊరు. ఊరి చివర పాయ ఒడ్డున ఒక దిబ్బ. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయినవాళ్లను ఊరివాళ్లు అక్కడే పూడ్చారు. చుట్టూ ఉన్న భూమిని కొని రొయ్యల చెరువులు తవ్వించిన పిచ్చేశ్వరరావు గారు ఆ దిబ్బ కూడా తన పట్టాలోదేనన్నారు. అక్కడ శ్మశానం ఎన్నడూ లేదన్నారు. రికార్డుల్లో నిజంగానే లేదు. శవాలను పూడ్చిన వారంలో రికార్డు రాసేవాడు ఎవడు మిగిలాడని? ఆ దిబ్బలో తల్లి ఉన్న అంకమ్మ ఊరి తరఫున దావా వేసింది. ఆమె వకీళ్లం మేమే. తవ్వకం ఆపమని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. పొక్లెయిన్లు గట్టు మీద ఆగాయి. సాక్ష్యం చూపకపోతే ఆ ఉత్తర్వు రద్దవుతుంది.

సాక్ష్యం మొవ్వలో దొరికింది. ఉప్పెన తర్వాత సాయానికి వెళ్లిన ఒక డాక్టరు గారు చిన్న కెమెరాతో తీసిన రీలును, ఆయన పోయాక ఇంటివాళ్లు ఇందిరాదేవి గారికి అప్పగించారు. మూత ఎత్తగానే వాసన. ఫిల్ము కుంచించుకుపోయింది, మామూలు యంత్రంలో ఎక్కిస్తే తెగిపోతుంది. లైటు బల్ల మీద పరిచి, ఒక్కో బొమ్మనూ భూతద్దంతో చూశారు. అంకమ్మకు కబురు పంపారు.

"ఏంటమ్మా, కల్లు పాకలో కూర్చున్నట్టుంది మీ గది!" అంటూ వచ్చింది అంకమ్మ.

"ఈ ఒక్క డబ్బాదేనండీ ఆ వాసన. ఇటు రండి, ఈ అద్దంలోంచి చూడండి."

అంకమ్మ వంగి చూసింది. "మా దిబ్బేనమ్మా. అదుగో తల తెగిన తాడి. ఇవతల పాయ. ఆ వరసగా ఉన్నయ్యేంటి?"

"చాపలు కప్పారండీ. ఎవరు ఎవరో చెప్పలేం."

"మా అమ్మని చాపలోనే చుట్టారంట. మా మావయ్య చెప్పేవాడు." పమిట కొంగుతో అద్దం తుడవబోయి ఆగింది. "దీన్ని చల్లగా చూసుకోమ్మా. నీకు దణ్ణం పెడతాను."

కుంచించుకుపోయిన ఫిల్మును కాపీ చేసే యంత్రం మద్రాసులో ఉంది. అక్కడ కాపీకి వంతు దొరికింది. ప్రయాణానికి ముందు ఇందిరాదేవి గారు రోజూ చేసే పనే చేశారు: రీలు వివరాలు కేటలాగులో ఎక్కించారు. దిబ్బ, పాయ, తాడి, చాపలు. కింద ఆరోగ్యం గడిలో, "ఆమ్లం పుట్టింది. గాలి ఆడేలా ఉంచాలి. మూసి ఉంచితే నెలల్లో పోతుంది."

ఆ వారమే పిచ్చేశ్వరరావు గారి తరఫున దరఖాస్తు పడింది. కాపీ తీసే మిషతో ఫిల్మును మార్చే ప్రమాదం ఉందనీ, కోర్టు నియమించే నిపుణుడు పరీక్షించేదాకా దాన్ని ఉన్నదున్నట్టు, గాలి చొరబడకుండా సీలు వేసి కోర్టు అదుపులో ఉంచాలనీ కోరారు. సీలు వేయమని కోరే దరఖాస్తులు మేము చాలా చూశాం. గాలి ప్రసక్తి మరే దరఖాస్తులోనూ లేదు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు. అభ్యంతరం చెప్పాం. సాక్ష్యానికి రక్షణ కోరితే అభ్యంతరమేమిటని ఎదురు ప్రశ్న వేశారు. ఉత్తర్వు వచ్చింది.

సీలు వేయడానికి కోర్టు కమిషనరుగా వచ్చిన వకీలు రామబ్రహ్మం గారు చెడ్డవారు కారు. మెట్లెక్కి ఆయాసపడుతూ, సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, గుడ్డ, లక్క, కొవ్వొత్తి తీశారు.

"గాలి ఆడకుండా మూస్తే ఇది చస్తుందండీ" అన్నారు ఇందిరాదేవి గారు.

"గాలి ఆడేట్టు మూస్తే అది సీలెట్లా అవుతుందమ్మా?"

"మీ ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే ముక్కూ నోరూ మూసి భద్రంగా ఉంచుతారా?"

"కోర్టు ఆర్డరు వేస్తే అదీ చెయ్యాలమ్మా" అని నవ్వారాయన. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకుని, "మీ అభ్యంతరం రాసివ్వండి, రిపోర్టుకి జతచేస్తాను" అన్నారు. ఆమె రాసిచ్చారు. ఆయన జతచేశారు. చదవాల్సినవాళ్లు చదవలేదు.

డబ్బా కోర్టు ఆస్తుల గదిలోకి వెళ్లింది. రేకుల కప్పు, చెమ్మ గోడలు, వర్షాకాలం. నిపుణుడి పేరు సూచించడానికి అవతలివాళ్లు గడువు అడిగారు, మళ్లీ అడిగారు. ఒకసారి వకీళ్ల బహిష్కరణ, ఒకసారి జడ్జి గారి సెలవు. గడువు కోరడం నేరం కాదు. ఏ ఒక్క వాయిదాలోనూ తప్పు చూపలేం. ప్రతి వాయిదాకూ ఇందిరాదేవి గారు బందరు నుంచి బస్సులో వచ్చి, అంకమ్మ పక్కన కోర్టు వరండా బెంచీ మీద కూర్చునేవారు. ఆస్తుల గది తలుపు దగ్గరికి వెళ్లి నిలబడి, తిరిగి వచ్చేవారు. కార్తీకం వెళ్లాక ఒకరోజు అటెండరే వెతుక్కుంటూ వచ్చాడు.

"మేడంగారూ, మీ డబ్బాలో కల్లేమన్నా పోశారా? గదంతా అదే కంపు!"

ప్లాస్టిక్కు, గుడ్డ, లక్క దాటి బయటికి వచ్చిందంటే లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ మమ్మల్ని అడిగారు. "సీలు నేనే తెంపితే ఏమవుతుందండీ?"

నేరమవుతుందని చెప్పాం. జైలు పడవచ్చు, ట్రస్టు ఉద్యోగం నిలవదు, ఫిల్ము సాక్ష్యంగా చెల్లకపోనూవచ్చు.

"తెంపకపోతే?"



తర్వాతి వాయిదాకు సీలు సరిగా ఉందో లేదో చూడాలని అవతలి వకీలే కోరితే, డబ్బాను కోర్టు హాల్లోకి తెచ్చి బల్ల మీద పెట్టారు. సీలు చెదరలేదని రామబ్రహ్మం గారు చెప్పారు. జడ్జి గారు వాయిదా వేయబోయారు.

ఇందిరాదేవి గారు లేచారు. "అయ్యా, ఒక్కసారి వాసన చూడండి."

"మీ వకీలు ద్వారా చెప్పించండమ్మా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నాలుగడుగుల్లో బల్ల దగ్గరికి వెళ్లి, గుడ్డ చించి, లక్క విరిచి, మూత తీశారు. పుల్లటి కంపు హాలంతా కమ్మింది. అటెండరు ఆమె చెయ్యి పట్టుకోబోయి దగ్గుతో వంగిపోయాడు. పైచుట్లు ముద్దై అంటుకుపోయి, తెల్లటి పొడి రాలుతోంది. లోపలి నుంచి బారెడు ఫిల్ము మాత్రం ఊడివచ్చింది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

"తర్వాత నన్ను పట్టుకోండయ్యా. ఇప్పుడు చూడండి. ఇది ఎక్కువసేపు ఉండదు."

అవతలి వకీలు అరుస్తున్నాడు. జడ్జి గారు కుర్చీ దిగి వచ్చి, ఆమె అందించిన భూతద్దం తీసుకున్నారు. చూస్తూనే స్టెనోకు చెప్పసాగారు: పాయ, ఒడ్డున మిట్ట, తల లేని తాటిచెట్టు, వరసగా చాపలతో కప్పిన ఆకారాలు, గుంట తవ్వుతున్న మనుషులు. ఆయన చెబుతుండగానే బొమ్మల పొర ఫిల్ము మీద నుంచి జారి, ఆమె వేళ్ల మధ్య తడి బూడిదలా మిగిలింది.

సాయంత్రానికి మూడు ఉత్తర్వులు వెలువడ్డాయి. కోర్టు స్వయంగా చూసినదాన్ని బట్టి తవ్వకంపై నిషేధం దావా తేలేదాకా కొనసాగుతుంది. సాక్ష్యాన్ని చెరిపినందుకు ఇందిరాదేవి గారి మీద కేసు. మూడోది, మిగిలిన ముద్దను మళ్లీ సీలు వేసి భద్రపరచాలి. గాలి చొరబడకుండా.

ట్రస్టు ఆమెను ఇంకా తీసేయలేదు. కానీ సంక్రాంతి వెళ్లాక ఆ మేడకు కరెంటు నిలవడం లేదు. పక్కింట్లో ఫ్యాను తిరుగుతుంటే ఈ గదిలో ఏసీ ఆగిపోతుంది. లైన్‌మ్యాన్ వస్తాడు, స్తంభమెక్కుతాడు, ఏమీ లేదండీ అంటాడు. డబ్బాలు వేడెక్కుతున్నాయి.

మొన్న అంకమ్మ ఎండు చేపల సంచితో వచ్చి కూర్చుని ఉండగా, పిచ్చేశ్వరరావు గారే మెట్లెక్కి వచ్చారు. చెప్పులు బయట విడిచారు. ఇద్దరికీ నమస్కారం పెట్టారు.

"కరెంటు ఇబ్బందని విన్నానమ్మా. మా రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఒక గది ఖాళీగా ఉంది. ఇరవై నాలుగ్గంటలూ చల్లగా ఉంటుంది, జనరేటరుంది. మీ డబ్బాలన్నీ అక్కడ పెట్టుకోండి. తాళం మా దగ్గరే ఉంటుంది, మీకు దిగుల్లేదు."

"అన్నీ పెట్టాక మమ్మల్ని కూడా ఐసులో పెడతావా బాబూ?" అంది అంకమ్మ.

ఆయన నవ్వారు. ఇందిరాదేవి గారు నవ్వలేదు. ఈ డెల్టాలో అంత పొడిగా, అంత చల్లగా ఉండే గదులు ఆయనలాంటివాళ్ల దగ్గరే ఉన్నాయని ఆమెకు తెలుసు.

"వద్దండీ" అన్నారు.

"తొందరేం లేదమ్మా, ఆలోచించుకోండి" అంటూ ఆయన చెప్పులు తొడుక్కున్నారు. "ఎండలు ఇంకా మొదలే కాలేదు కదా."