పోలీసు దించిన చెయ్యి

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగి, ఎర్ర దీపం ఎంతకీ మారకపోతే నాకు ఇప్పటికీ కాలు నిలవదు. పోలీసు ఈల వినపడిందంటే అమ్మ మూలుగు గుర్తొస్తుంది.

అది నిజాం కాలం, అప్పుడు నాకు ఆరేళ్లు. నొప్పులు మొదలైన అమ్మను మేనత్త టాంగాలో దవాఖానకు తీసుకుపోతుంటే నేనూ ఎక్కి కూర్చున్నాను. అమీర్‌పేట దాటి పంజాగుట్ట చౌరస్తాకు రాగానే పోలీసు ఈల వేసి చెయ్యెత్తాడు. ఎవరో నవాబు గారి మోటారు వస్తుందట. బండ్లన్నీ నిలిచిపోయాయి. ఎండ, దుమ్ము, గుర్రం చెమట వాసన. అమ్మ నా మణికట్టును నలిపేస్తోంది.

ఆ చెయ్యి పైన ఉన్నంతసేపు బిడ్డ కూడా లోపలే ఆగిపోవాలేమోనని నాకు భయం వేసింది. కిందికి దూకి పోలీసు నిక్కరు పట్టుకొని గుంజాను.

"చెయ్యి దించు. మా అమ్మకు బిడ్డ పుట్టాలె."

"జర ఆగు బిడ్డా. మోటారు పోనీ."

"మా అమ్మ ఏడుస్తుంది."

అతను టాంగా వైపు చూశాడు. ఖాళీ రోడ్డు వైపు చూశాడు. చెయ్యి దించి, "జల్ది పోనీయ్ భాయ్," అన్నాడు టాంగా తోలేవాడితో. మేము చౌరస్తా మధ్యలో ఉండగానే మోటారు వచ్చి, మా కోసం ఆగాల్సి వచ్చింది.

చెల్లెలు క్షేమంగా పుట్టింది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు అక్కడ వేరే పోలీసు నిలబడి ఉన్నాడు.

"గాయన ఏడి అత్తా?" అని అడిగాను. అత్త గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి నొప్పి పుట్టి ఇంటికి పోయాడనుకున్నాను.

అతనికి ఏమైందో సరిగ్గా అడిగే వయసు నాకు వచ్చేసరికి, చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.