ఎడమ చేతిలో కర్ర

టైలర్‌కి ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. కర్ర కుడి చేత్తో పట్టుకుంటాడు. బలం లేని కాలు ఎటుంటే కర్ర దానికి అవతలి చేతిలో ఉండాలి. కర్రా ఆ కాలూ కలిసి ముందుకు పడాలి. ఇది ఆయనకి ఎవరూ నేర్పలేదు. పడి, లేచి తెలుసుకున్నాడు.

టీవీ సీరియళ్లు తీసే కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా వేషాలకి బట్టలు కుడుతున్నాడు. పక్క గదిలో డైలాగులు చెబుతుంటే మిషన్ ఆగదు. ఆయన పెదవులు మాత్రం ఆ మాటల వెంట కదులుతుంటాయి.

కొత్త సీరియల్లో కథానాయకుడు కుంటి దర్జీ అని తెలిసింది. ఆ రోజు టైలర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని డైరెక్టర్ గదికి వెళ్లాడు.

“చేయలేరని కాదు టైలర్ గారూ,” అన్నాడు డైరెక్టర్. “నిజంగా కుంటేవాళ్లని జనం చూడలేరు. ఛానల్ మార్చేస్తారు. అదే అందగాడు కుంటాడనుకోండి, కళ్లు తుడుచుకుంటూ చూస్తారు. మీరు మా హీరోకి నడక నేర్పండి, చాలు.”

హీరో వచ్చాడు. పొడుగు మనిషి, నవ్వు ముఖం.

“గురువుగారూ, మీ కాళ్లు పట్టుకుంటా, ఎలా నడవాలో చెప్పండి.”

“ఎడమదే పట్టుకో బాబూ. కుడిదానితో నీకు పన్లేదు.”

హీరో పగలబడి నవ్వాడు. మనిషి మంచివాడు కూడా. టైలర్‌కి అది మరీ మండింది.

“కర్ర ఏ చేత్తోనండీ?”

టైలర్ ఆ నవ్వు ముఖం వంక చూశాడు. “కాలు ఎడమదిగా. ఎడమ చేత్తోనే.”

“మరి మీరు కుడి చేత్తో పట్టారే?”

“నాది పాడు అలవాటు. నన్ను చూడకు, చెప్పింది చెయ్యి.”

షూటింగ్ మొదటి రోజే ఎవరో ఒకరు తప్పు పట్టేస్తారనీ, నలుగురూ నవ్వుతారనీ ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. సీరియల్ ఏడాది నడిచింది. ఇంట్లో భార్య రోజూ పని ముగించుకుని టీవీ ముందు కూర్చునేది.

“అయ్యో, మెట్లెలా ఎక్కుతాడు పాపం,” అంటూ ఒకరోజు చెంగుతో కళ్లొత్తుకుంది.

“పాతికేళ్లుగా నీ ఎదురుగా నడుస్తున్నాను. నాకోసం ఒక్క చుక్క రాల్చావా?”

“మీకేమండీ, మీరు మామూలుగానే నడుస్తారుగా.”

ప్రేమగానే అంది. ఆయన అన్నం సగంలో వదిలేసి లేచాడు.

హీరోకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. “ఈ నడక మా టైలర్ గారు పెట్టిన భిక్ష,” అన్నాడు వేదిక మీద. టైలర్ టీవీ కట్టేశాడు.

కొన్నాళ్లకి ఒక సినిమా కంపెనీ నుంచి కబురొచ్చింది. కుంటి వాచ్‌మన్ వేషం, ఒకటే సీను. భార్యకి కూడా చెప్పకుండా వెళ్లాడు. అక్కడి డైరెక్టర్ కుర్రవాడు.

“గోడ దాకా నడవండి బాబాయ్.”

నడిచాడు.

“ఊహూ, సహజంగా లేదు. ఆ సీరియల్లో దర్జీ నడుస్తాడే, అలా. కర్ర అటు మార్చండి.”

“అది తప్పు నడక బాబూ. నేర్పింది నేనే. కావాలనే తప్పు చెప్పాను.”

గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

“ఆ హీరో అంటే అంత కుళ్లేంటి బాబాయ్?”

టైలర్ తల వంచుకున్నాడు. ఈ ఏడాదంతా తన గురించి ఒక మనిషి అన్న నిజం అదొక్కటే.

కర్ర ఎడమ చేతిలోకి మార్చాడు. రెండో అడుగుకే నడుము కలుక్కుమంది. పళ్లు బిగబట్టి గోడ దాకా వెళ్లి వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“ఇప్పుడు కుదిరింది,” అన్నాడు కుర్రవాడు. “ఆయనంత రాలేదనుకోండి. మనది చిన్న వేషమేగా, సరిపోతుంది. సోమవారం వచ్చేయండి.”

“వస్తాను,” అన్నాడు టైలర్. తలుపు దాటేదాకా కర్రని ఆ చేతిలోనే ఉంచుకున్నాడు.