అటక మీది విస్తర్ల మూట

మా అమ్మ విస్తరి కుడితే చారు కూడా కారదని చర్ల వైపు మా ఊళ్లో ఒక మాట ఉండేది. అడవిలో మోదుగాకులు కోసుకొచ్చి, నీడలో ఆరబెట్టి, వెదురును గడ్డిపోచంత సన్నని పుల్లలుగా చీల్చి, వాటితో ఆకుకూ ఆకుకూ కుట్టేది. కుట్టినవి దొంతరగా పేర్చి పైన తిరగలి రాయి పెట్టేది. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. ఉన్న కాస్త చేను మా తిండికి సరిపోతే, నన్ను భద్రాచలం హాస్టల్లో ఉంచి చదివించింది ఆ విస్తర్లే. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. టీచరు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, కూతురు పుట్టి, ఖమ్మంలో స్థిరపడ్డాక అసలే చెప్పలేదు.

చిన్నప్పుడు పెద్ద విస్తరిలో తినమంటే నాకు ఏడుపొచ్చేది. నాకు పెట్టిన అన్నం ఓ మూలకు పోయి, మిగతాదంతా బోసిగా కనిపించేది. అందుకని అమ్మ నా కోసం మూడాకులతో చిన్న విస్తరి కుట్టేది. ఎవరింట్లో పెళ్లికి వెళ్లినా దాన్ని కొంగులో చుట్టి తెచ్చి, బంతిలో నా ముందు వేసేది. పక్కవాళ్లు నవ్వేవారు. "నా బిడ్డ ఇస్తారి వేరే" అనేది అమ్మ, అదేదో దొరల హోదా అన్నట్టు.

ఖమ్మంలో మేము ఇల్లు కట్టుకున్నది ఎనభైల చివర్లో. అప్పుడప్పుడే మా వీధిలో బఫే భోజనాలు మొదలయ్యాయి. నిలబడి తినడంలో గొప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, గృహప్రవేశానికి బఫే పెట్టకపోతే పరువు పోతుందని అప్పుడు అనుకున్నాను. ప్లేట్లు కిరాయికి తెచ్చాం. ముందురోజు సాయంత్రం అమ్మ బస్సు దిగి వచ్చింది, నెత్తిన పాత చీరలో కట్టిన పెద్ద మూటతో. ఎండాకాలమంతా కూర్చుని కుట్టిందట. ఆ వేళకు మా స్కూలు టీచర్లు నలుగురు వరండాలో కూర్చుని ఉన్నారు.

"గివన్నీ ఎందుకు మోసుకొచ్చినవమ్మా? ఈడ ఆకుల్ల ఎవరు తింటరు?" అన్నాను, వాళ్లందరూ వినేలా.

టీచర్లలో ఒకామె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అమ్మ మూట దించి, కొంగుతో మెడ తుడుచుకుంది. "పోనీ తియ్. పైన పెట్టు బిడ్డా, ఎన్నడన్న పనికొస్తయ్" అంది. కాస్త ఆగి, "ఒక్కపారి ఇప్పి చూడరాదె" అంది. "తర్వాత చూస్తాలే" అని, మూట మా ఆయన చేత అటక మీద పెట్టించాను.

మర్నాడు ప్లేటు పట్టుకుని ఎక్కడ నిలబడాలో తెలియక, అమ్మ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని తిన్నది. నేను చూశాను. వచ్చినవాళ్లను పలకరించే తొందరలో ఉన్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాయంత్రం బస్సుకే "పోయొస్త బిడ్డా" అని వెళ్లిపోయింది.

తర్వాత నాలుగేళ్లలో చాలాసార్లు వచ్చింది. చింతపండో, తేనెనో, ఎండబెట్టిన ఇప్పపువ్వో తెచ్చేది. విస్తర్ల ఊసు మాత్రం ఎత్తలేదు. మా అమ్మకు కోపమొస్తే అరవదు, మానేస్తుంది. నాదేమో నోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊళ్లో ఇంకెవరూ దొరకనట్టు కన్నతల్లే దొరికింది. ఒక్కరోజు ఆ మూట దింపి "రా అమ్మా, విప్పి చూద్దాం" అంటే నా సొమ్మేం పోయేది? అందామనుకున్న రోజులు లేకపోలేదు. వచ్చేసారి అందాంలే అనుకున్నాను.

ఓ వానాకాలం అమ్మకు జ్వరం పట్టుకుంది. దవాఖానాకు తీసుకెళ్లేలోపే స్పృహ తప్పిందట. కబురు అంది, వాగులు దాటి, బస్సులు మారి నేను చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. నా చెయ్యి పట్టుకుని ఏడ్చినవాళ్లందరూ అమ్మ మంచితనమే చెప్పారు. నాకు మాత్రం వరండాలో నేను నవ్విన నవ్వే వినపడుతూ ఉంది.

పెద్దకర్మకు ముందురోజు మా ఆయన ఖమ్మం నుంచి సామాను వేసుకుని వచ్చాడు. బియ్యం, పప్పు, కూరగాయలు, వాటితోపాటు ఆ మూట.

"ఇంట్ల ఉండంగ మల్ల కొనుడెందుకని తెచ్చిన" అన్నాడు.

ఆయన్ని అనడానికేం లేదు. నా మనసులో ఏముందో నేనెప్పుడూ చెప్పలేదు కదా. ముడి విప్పింది చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు. దొంతరల మధ్య ఎండిన వేపాకు వేసి ఉంది. ఒక్కదానికీ పురుగు పట్టలేదు. "అక్క కుట్టినయే కదనే ఇవి?" అని అడిగి, నా మొహం చూసి వేపాకు ఏరసాగింది.

మర్నాడు నీళ్లు చిలకరిస్తే విస్తర్లు మెత్తబడ్డాయి. పందిట్లో బంతి వేశాం. దూరపు చుట్టం ఒక ముసలాయన చారన్నం జుర్రుకుంటూ, "ఎవరు కుట్టిన్రో గానీ, సుక్క కారలే" అన్నాడు. నేను పప్పు బకెట్టు పట్టుకుని ముందుకు జరిగిపోయాను. నా కొత్తింటి కోసం అమ్మ కుట్టిన విస్తర్లలో అమ్మ పెద్దకర్మ భోజనం నేనే వడ్డించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

రెండో బంతికి విస్తర్లు తీస్తుంటే దొంతర నడుమ ఒకటి చేతికి చిన్నగా తగిలింది. మూడాకుల విస్తరి. అంచులు లోపలికి మడిచి, పుల్ల కొన ఎక్కడా గుచ్చుకోకుండా కుట్టి ఉంది. అది నా కూతురి కోసం. గృహప్రవేశం నాటికి దానికి నాలుగేళ్లు. ఒక్కపారి ఇప్పి చూడమని అమ్మ అన్నది దీన్ని చూడమని. ఇప్పుడు నా కూతురు ఎనిమిదేళ్ల పిల్ల. మొదటి బంతిలోనే పెద్ద విస్తరిలో తినేసి లేచింది.

ఎవరూ చూడటం లేదనుకుని దాన్ని కొంగులో చుట్టుకున్నాను. చిన్నమ్మ చూసింది.

"కర్మకు తీసిన ఇస్తార్లు మల్ల ఇంటికి తీస్కపోవద్దు బిడ్డా. మంచిది గాదు. తిననన్న తినాలె, పారెయ్యనన్న పారెయ్యాలె" అంది మెల్లగా.

అందరూ తిన్నాక ఆఖరున కూర్చుని ఆ చిన్న విస్తరినే ముందు వేసుకున్నాను. చిన్నమ్మ పిడికెడు అన్నం పెట్టేసరికి నిండిపోయింది. చారు పోస్తే ఒక్క చుక్క కింద పడలేదు. తిన్నాను. మళ్లీ పెట్టమన్నాను, మళ్లీ తిన్నాను. "పెద్దదేసుకోరాదె" అంది చిన్నమ్మ. వద్దన్నాను. కడుపు ఎప్పుడో నిండింది. నాలుగోసారి పెట్టమంటే గంటె పట్టుకుని ఆగింది.

"ఎంత తింటవే?"

"పెట్టు చిన్నమ్మా" అన్నాను. "లేస్తే దీన్ని పారెయ్యాలె."

చిన్నమ్మ నా పక్కనే చతికిలబడి, ఇంకో పిడికెడు పెట్టింది.