చెప్పులు విప్పి తీసిన కొలత

మా షెడ్డుకు వచ్చినవాళ్లంతా దాన్ని ట్యాంకు అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ట్యాంకు కాదు, గొలుసు చక్రాల మీద నడిచే సైనికుల బండి, ఎనిమిది మందిని యుద్ధంలోకి మోసుకెళ్లి వెనక తలుపు తెరిచి దించుతుంది అని ప్రతివాడికీ పాఠం చెప్పేవాణ్ణి. ఆ పొగరుకు కారణం ఉంది. బండి ఎక్కడో తయారవుతున్నా, సైనికులు కూర్చునే వెనక గది నమూనా మాత్రం వడమాలపేట దాటాక రోడ్డు పక్కనున్న మా షెడ్డులో కడుతున్నాం. దాని డిజైన్ నాది.

కింద మందుపాతర పేలితే బండి నేల పైకి తన్ని కాళ్లు విరుగుతాయి. అందుకే సీట్లు పైకప్పుకు వేలాడతాయి, పాదాలు నేలకు తగలకుండా ఒక కడ్డీ మీద ఉంటాయి. కుదుపులకు జారకుండా పాదం పైన ఇంకో కడ్డీ. ఆ రెండు కడ్డీల మధ్య ఎంత సందు వదలాలో తేల్చాల్సింది నేను.

వెల్డింగ్ అంతా ఒక పెద్దాయన చేసేవాడు. పుత్తూరు పక్క పల్లె, చర్చికి వెళ్లే మనిషి. ఏళ్ల తరబడి రోజు కూలీగానే ఉండిపోయాడు. భార్యకు కిడ్నీలు పాడైపోయి డయాలసిస్ మీద ఉంది. పర్మినెంట్ అయితే ఈఎస్ఐ కార్డు వస్తుంది, ఆ కార్డుతో ఆవిడకు వైద్యం జరుగుతుంది. ఈ నమూనా పాసైతే పర్మినెంట్ చేస్తానని ఓనరు మాటిచ్చాడు. "ఆ కార్డొకటి వస్తే మా ఆడమనిషి బతుకుతాది సార్" అని పెద్దాయన నాతో ఎన్నిసార్లు అన్నాడో. నాకు విసుగొచ్చేది కూడా.

నమూనా నిలబెట్టిన రోజు ఓనరు పూజ చేయించాడు. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, గుమ్మడికాయ, ఏదీ తక్కువ కాలేదు. ఇక అప్పట్నుంచి ఎవరూ చెప్పులతో లోపలికి ఎక్కలేదు. విప్పమని ఎవరూ చెప్పలేదు. పూజ జరిగిన చోటికి చెప్పులతో ఎట్లా వెళ్తాం? పెద్దాయన కూడా విప్పేవాడు, నేనూ విప్పేవాణ్ణి. కొలతల రోజు ఎనిమిది మంది కూలీలను ఎక్కించి కూర్చోబెట్టాను. ఎనిమిది జతల చెప్పులు బయట వరసగా ఉన్నాయి. పాదాలు కడ్డీల మధ్య చక్కగా అమరాయి. తలుపు తెరవగానే అందరూ చకచకా బయటికి దూకారు. నేను చప్పట్లు కొట్టాను.

పెద్దాయన మాత్రం తల గోక్కుంటూ వచ్చాడు.

"సార్, మా తమ్ముడు మిలిట్రీలో చేసినాడు. వాళ్ల బూటు ఇంత లావుంటాది. ఈ సందులో పట్టదేమో. ఒకసారి బూట్లేసి సూస్తే..."

"డిజైన్ నువ్వు చేసినావా, నేను చేసినానా? పోయి నీ వెల్డింగ్ చూసుకో పో" అన్నాను, అందరి ముందూ. కూలీలు నవ్వారు. అది నాకు బాగుండింది.

పరీక్ష రోజు ఆఫీసర్లు ఎనిమిది మంది జవాన్లతో దిగారు. వాళ్లు బూట్లతోనే, కుంకుమ బొట్లు తొక్కుకుంటూ ఎక్కారు. పాదాలను కడ్డీల మధ్య బలవంతంగా దూర్చారు. తలుపు తెరుచుకుంది. ముందున్న జవాను లేచాడు, బూటు రాలేదు. మొహం ఇనుప తలుపు అంచుకు కొట్టుకుని పన్ను విరిగింది. వెనకవాళ్లు అతని మీద పడ్డారు.

"యుద్ధంలో అయితే ఎనిమిది శవాలు. ఎవరు చేశారిది?" అన్నాడు పెద్ద ఆఫీసరు హిందీలో.

ఒక్క క్షణం తటపటాయించానని రాస్తే మర్యాదగా ఉండేది. తటపటాయించలేదు. పెద్దాయన వైపు చెయ్యి చూపి, డ్రాయింగులో సందు ఎక్కువే ఇచ్చాను, వెల్డర్ తగ్గించి అతికించాడు అని హిందీలోనే చెప్పాను. డ్రాయింగు నా సంచిలోనే ఉంది, ఎవరూ అడగలేదు. పెద్దాయనకు హిందీ రాదు. తనను పరిచయం చేస్తున్నాననుకుని ఆఫీసరుకు దండం పెట్టాడు.

వాళ్లు వెళ్లిపోయాక ఓనరు తెలుగులో తిట్టినప్పుడు గానీ ఆయనకు సంగతి అర్థం కాలేదు. "నేను ఆ పొద్దే సెప్పినాను గదా సార్" అన్నాడు నా వైపు తిరిగి. నేను ఫోను చూసుకుంటున్నాను. ఆయన్ని పనిలోంచి తీసేసి, అన్నం కూడా తిననివ్వకుండా గేటు దాటించారు. పోతూపోతూ నా దగ్గర ఆగి, "కార్డు సంగతి ఒక మాట సెప్పండి సార్, మీరు సెప్తే ఇంటారు" అన్నాడు. నన్నే అడిగాడు! నేను ఫోనులోంచి తల ఎత్తలేదు.

మర్నాడే సందు పెంచాను. రెండోసారి నమూనా పాసైంది. నాకు ప్రమోషన్ వచ్చింది, తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాను.

ఆ ఇంటి గేటు కోసం మొన్న, పని బాగుంటుందని ఎవరో చెబితే, పుత్తూరులో ఒక చిన్న వెల్డింగ్ షాపుకు వెళ్లాను. లోపల పెద్దాయన. గోడ మీద ఒక ఆడమనిషి ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. ఎవరిదని అడగలేదు. అడగడానికి ఏముంది?

ఆయన నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు.

"ఇప్పుడు బూట్లు పడతాండాయా సార్?"

"పడుతున్నాయి."

"అట్లయితే సరే. పిలకాయలు కూసునేది గదా దాంట్లో."

నేను గేటు కొలతలు రాసుకొచ్చిన కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని విప్పలేదు. పక్కన నిలబడ్డ ఇంకో బేరగాడు వెళ్లిపోయేదాకా ఆగి, కాగితం తిరిగి నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"మీ కొలతలకు నేను చెయ్యను సార్. రేపు గేటు పట్టకపోతే తప్పు నాదంటారు."