తాడు పట్టుకున్నవాళ్లు మాట్లాడకూడదు

పోయిన వారం మా మామ చనిపోయాడు. నల్లమాడ అవతల ఒక రైతు బావిలో, నీటి అడుగున ఉన్న సొరంగంలో ఊపిరాడక పోయాడు. దయ్యం లాగేసిందని అక్కడ చెప్పుకుంటున్నారు. ఆ దయ్యాన్ని పుట్టించింది నేనే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, కోపంగానే రాస్తున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. బావుల్లో మునిగి పని చేసేవాడు. జారిపోయిన మోటార్లను, తెగిన పైపులను, ఒక్కోసారి మనుషులను పైకి తెచ్చేవాడు. మా వైపు పాత బావుల అడుగున అడ్డంగా సొరంగాలుంటాయి. కరువు ఏళ్లలో నీటి కోసం మనవాళ్లు పక్కలకు తొలుచుకుంటూ పోయినవి. ఎప్పుడో ఒక ఏడు గట్టి వాన పడితే బావి నిండుతుంది, సొరంగం మునిగిపోతుంది. అందులోకి మామ ఒక టార్చితో, నడుముకు తాడుతో, రొమ్ములో పట్టినంత గాలితో పోయేవాడు.

నేను భయం కథలు రాస్తాను. అయిదేళ్ల కిందట కథకు సరుకు దొరుకుతుందని నోటుబుక్కు పట్టుకుని ఆయన వెంట వెళ్లాను. నేను దయ్యాల గురించి అడిగితే ఆయన బురద గురించి చెప్పాడు. సొరంగంలో కాళ్లాడిస్తే ఒండ్రు లేస్తుందట. లేచిందంటే టార్చి వెలుగు కూడా కనిపించదు, ఎటు నుంచి వచ్చామో తెలియదు. "బావిలో ఊపిరాడకుంటే పైకి వచ్చేయొచ్చు పాపా. సొరంగంలో పైన గూడా రాయే ఉండాది," అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది, వెంటనే రాసుకున్నాను.

తాడు పట్టుకునేది ఎప్పుడూ మా అత్తే. ఒకసారి లాగితే కొంచెం వదలాలి, రెండుసార్లు లాగితే పైకి గుంజాలి. తాడు చేతిలో ఉన్నంతసేపు అత్త ఎవరితోనూ మాట్లాడేది కాదు, ముఖం మీద ఈగ వాలినా తోలుకునేది కాదు. ఏదైనా చెట్టుకు కట్టేస్తే సరిపోదా అని తెలివిగా అడిగాను. "నేను గుంజినట్టు చెట్టుకేం తెలుస్తాది పాపా?" అన్నాడు మామ.

ఒడ్డు మీద ఆయన వేరే మనిషి. మూసిన గది గిట్టేది కాదు. కదిరి బస్సులో కిటికీ సీటు దొరక్కపోతే తలుపు దగ్గర నిలబడే వచ్చేవాడు. అనంతపురం ఆసుపత్రిలో అత్తను లిఫ్టులో పంపి, తాను మెట్లెక్కి, ఆమెకంటే ముందే చేరానని గొప్పలు పోయాడు. నీటి ఒత్తిడికి ఎడమ చెవి పోయింది, ఏం చెప్పాలన్నా కుడివైపు కూర్చోవాలి. పని ఉన్న రోజు పొద్దుటి నుంచి ఏమీ తినేవాడు కాదు. పైకి వచ్చాక ఆ బావి గట్టునే సంగటి, ఊరుబిండి పచ్చడి తినేవాడు.

నా కథలో ఆ సొరంగంలో తడి చేతుల ఆడమనిషిని పెట్టాను. బురద ఎవరికి కావాలి, చదివేవాళ్లకు దయ్యం కావాలి అనుకున్నాను. కథకు పేరొచ్చింది, మా పల్లెల్లో ఫోన్లలో కూడా తిరిగింది. అత్త మామకు చదివి వినిపించిందట. తరువాత నేను వెళ్లినప్పుడు అన్నాడు: "చేతులు లాగుతాయని రాసినావు. ఆడ చేతులు యాడుంటాయి పాపా? ఉంటే పట్టుకోనైనా బయటికొద్దును."

నేను నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఈమధ్య అత్త మోకాలి ఆపరేషనై మంచంలో ఉంది. మోటారు సొరంగంలోకి జారిందని ఆ రైతు వచ్చి బతిమాలాడు. మామ అతని చేతికే తాడిచ్చి, ఎన్నిసార్లు లాగితే ఏం చేయాలో అతని నోటితోనే చెప్పించుకుని దిగాడు. లోపల ఒండ్రు లేచింది, మోటారు పైపు కింద కాలు ఇరుక్కుంది. మట్టి చేసిన రోజు రైతు నా దగ్గరికి వచ్చి, నేను రాసింది నిజమేనని, ఆ బావిలో ఏదో ఉందని, మామను అదే పట్టుకుందని ఓదార్పుగా చెప్పాడు. తాడు ఎవరు పట్టుకున్నారని అడిగాను.

"రాతికంబానికి కట్టింటిమి అమ్మా. గట్టిగానే కట్టింటిమి," అన్నాడు.

కట్టేసి, మామ పైకి తేలేది బాగా కనపడుతుందని ఇంటిల్లిపాదీ అవతలి గట్టుకు పోయారు, ఫోన్లో వీడియో తీయడానికి. ఇదంతా దాచకుండా చెప్పాడు. తప్పని తెలిస్తే కదా దాచడానికి! నాకు అతని గొంతు పట్టుకోవాలనిపించింది. ఆ బావిలో ఏ దయ్యమూ లేదు. ఒక రాతికంబం ఉంది, దానికి అప్పగించి పోయిన మనుషులున్నారు. ఇప్పుడు నా కథ వెనక దాక్కుంటున్నారు. ఆ దాక్కునే చోటు చూపించింది నేను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు లేరు, అందరికీ తడి చేతులే బాగున్నాయి.

నాలుగో రోజు, ఎవరెంత వద్దన్నా వినకుండా, ఆ బావి దగ్గరికి తీసుకుపొమ్మంది అత్త. ఆటోలో తీసుకెళ్లాను. కంబానికి ముడి అలాగే ఉంది. విప్పబోతే రాక కొడవలితో తాడు కోసేశారట. కంబం అంచున తాడు ఒరుసుకున్న గీత తెల్లగా ఉంది. అత్త గోళ్లతో ముడి వదులు చేయబోయింది. రాలేదు. అంత గట్టిగా గుంజాడు మామ.

మూర పొడవు మిగిలిన తాడును రెండు చేతులా పట్టుకుని, ఆపరేషనైన కాలు చాపుకుని, అత్త గట్టున కూర్చుంది. నీళ్లవైపే చూస్తోంది. రైతు దగ్గరికి వచ్చి ఏదో చెప్పాడు. పోదామా అని నేనూ అడిగాను. ఆమె ముఖం మీద ఈగ వాలింది. తోలుకోలేదు.