తాళాల గుత్తి

దుమ్ముగూడెం పోయే బస్సులో, అడవి మధ్యలో, ఎదురు సీటులోని పిల్లకు మూర్ఛ వచ్చింది.

"గాలి సోకింది, చేతిల ఇనుము పెట్టుండ్రి!" అని బస్సంతా అరిచింది. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా సభల్లో వాదించే నేను, ఆలోచించకుండానే జేబులోంచి తాళాల గుత్తి తీసి అందించబోయాను.

పిల్లతో ఉన్నామె వికలాంగుల బడిలో ఆయా. పిల్లను పక్కకు తిప్పి, తల కింద చేతిసంచి పెట్టింది.

"తాళాలేం జేస్తయ్ సారూ? గడియారముంది గద, నిమిషాలు చూడుండ్రి. ఐదు దాటితే బస్సు దవాఖానకు మళ్లించాలె."

రెండు. మూడు. పిల్ల ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నాలుగో నిమిషంలో కళ్లు తెరిచింది.

"నాలుగు" అన్నాను.

"ఇగ తాళాలు జేబుల పెట్టుకోండ్రి" అని ఆయా నవ్వింది.

ఇప్పటికీ సభలో ఎవరి నమ్మకాన్నైనా ఎగతాళి చేయబోతే, ముందుగా నా చెయ్యి జేబులోని తాళాలను తడుముతుంది.