మామ్మ మొక్కు, నా మొలలు

ఆ రోజుల్లో మా బరంపురం బజారులో మనిషికి రెండేసి పేర్లుండేవి. ఒకటి అమ్మానాన్నలు పెట్టింది. అది రేషన్ కార్డుకీ, పెళ్ళి శుభలేఖకీ తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. రెండోది మా ఎదురుకొట్టు బాబాయి పెట్టింది. అది కాటిదాకా వెంట వచ్చేది. (రక్తసంబంధమేమీ లేదు, బజారు వరసకి బాబాయి. బెల్లం వ్యాపారం. బెల్లం అమ్మేవాడి నోరు తియ్యగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.) పెళ్ళయిన మూడో రోజున పెళ్ళాంతో పూరీ వెళ్తూ, దారిలో టీ కోసమని రైలు దిగి, కొత్త పెళ్ళికూతుర్ని రైలుకి అప్పజెప్పేసిన ఒకాయనకి బాబాయి "ప్లాట్‌ఫారం" అని పేరు పెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మనవడు చదువుకుని పెద్ద ఇంజనీరయ్యాడు. అయినా వాడు ఈనాటికీ ప్లాట్‌ఫారం గారి మనవడే. బస్సు టాపు కారుతోందని సీట్లో కూర్చుని గొడుగు విప్పిన పాపానికి ఇంకో పెద్దమనిషి గొడుగైపోయాడు. ఏ పాపం ఎరగని ఆయన భార్య గొడుగమ్మ అయిపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సరిగ్గా ఇరవై అయిదో ఏట నాకు మొలలొచ్చాయి. నవ్వండి, పరవాలేదు, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం నొప్పి కన్నా పెద్ద భయం ఒకటుండేది. ఈ సంగతి బాబాయి చెవిన పడితే నాకే పేరు పెడతాడో! నా మాట పోనీండి, రేపు నన్ను కట్టుకోబోయే పిల్ల ఏ పేరుతో కాపురానికి వస్తుంది? పుట్టబోయే పిల్లలు ఏ మొహం పెట్టుకుని బడికెళ్తారు? ఆలోచిస్తే ఏడుపొచ్చేది.

మాది ఎండుమిరపకాయల హోల్‌సేలు కొట్టు. పొద్దున్న తొమ్మిదికి గద్దీ ఎక్కి మఠం వేసుక్కూర్చుంటే మళ్ళీ లేచేది మధ్యాహ్నం భోజనానికే. ఆ మధ్యలో నాలుగు మిరపకాయ బజ్జీలు, ఆరు టీలు, గుక్కెడు నీళ్ళు. పైగా బస్తా విప్పితే తుమ్ము. కొట్లో రోజుకి నలభై బస్తాలు విప్పేవారు. మొలలున్నవాడు తుమ్మితే ఏమవుతుందో తుమ్మినవాడికే తెలుస్తుంది, మాటల్లో చెప్పడం నా వల్ల కాదు. అంచేత ఏదో వంక పెట్టి లేచి నిలబడ్డం మొదలెట్టాను. ఖాతాదారు ఎవరొచ్చినా దిగ్గున లేచి దండం పెట్టేవాణ్ణి. వాళ్ళు వెళ్ళినా కూర్చునేవాణ్ణి కాదు. "మావోడికి ఇన్నాళ్ళకి మర్యాద తెలిసింది" అని నాన్న మురిసిపోయాడు. ఎదురుకొట్టులోంచి బాబాయి మాత్రం కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి చూస్తూ, "ఏటిరా, మీ గద్దీ మీద నిప్పులు పరిసారేటి?" అనేవాడు. నేను వినబడనట్టు బస్తాల వెనక్కి పోయేవాణ్ణి.

ఇంట్లో ముందుగా కనిపెట్టింది మామ్మ. మూడు రోజులు వరసగా నేను ఇడ్లీ నిలబడి తినడం చూసి, నాలుగో రోజు వంటింట్లోకి లాక్కెళ్ళి, "మీ తాతకీ ఉండేవిరా" అంది. అంతే, మర్నాటి నుంచి కంద. కంద పులుసు, కంద వేపుడు, కంద పెరుగుపచ్చడి. నలభై రోజులు కంద తిన్నాను. కందకైనా నా మీద జాలి కలిగి ఉంటుంది గానీ మొలలకి కలగలేదు.

తరవాత గోడ డాక్టరు. "కోత లేదు, మంట లేదు, పథ్యం లేదు" అని బస్టాండు గోడల నిండా పచ్చరంగుతో రాయించుకునేవాడు. బరంపురంలో అయితే ఎవరి కంటైనా పడతానని, పక్క ఊరు చికిటిలో వారానికోసారి కూర్చునే అలాంటి డాక్టరు దగ్గరికే వెళ్ళాను. బస్సులో సగం సీట్లు ఖాళీ. కండక్టరు వచ్చి, "ఇన్ని సీట్లుండగా నిలబడ్డావేటి బాబూ?" అన్నాడు. "నాకు గాలి కావాలి" అన్నాను. "కిటికీ పక్కన కూకో, బోల్డంత గాలి." "నాకు పైగాలి కావాలి" అన్నాను. ఇంక ఆ మనిషి నా జోలికి రాలేదు. డాక్టరిచ్చిన నల్లటి మలాంలో కోత నిజంగానే లేదు. మంట విషయంలో మాత్రం పచ్చి అబద్ధమాడాడు. తిరుగు ప్రయాణంలో, రోడ్డు మీద ఉన్న గతుకులన్నీ నేను విడివిడిగా లెక్కపెట్టగలిగాను.

ఆఖరికి రక్తం కనబడేసరికి పరువు సంగతి పక్కనబెట్టి బరంపురంలోనే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా అమ్మ వయసావిడ. (పరీక్ష గురించి చెప్పను. ఆ అయిదు నిమిషాలూ నేను గోడ మీది క్యాలెండరులో పండగలు చదువుకున్నాను.) "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?" అని అడిగింది. కంద తింటున్నానని చెప్పాను. ఆవిడ నవ్వకుండా అన్నీ విడమరిచింది. మొదట్లో వస్తే నీళ్ళు, ఆకుకూరలు, పీచు పొడి, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవడం, బాత్రూంలో పేపరు చదువుతూ గంటలు గంటలు ముక్కకపోవడం, వీటితోనే సర్దుకునేదిట. నావి అది దాటిపోయాయి. ముందు రబ్బరు బ్యాండు వేసి చూద్దామంది, అందులో చిక్కినది ఎండి అదే రాలిపోతుందని. రెండుసార్లు వేసింది. ఒకటి రాలింది. రెండోది మూడు నెలలు సెలవు పెట్టి మళ్ళీ డ్యూటీలో చేరింది. ఇంక కోయక తప్పదంది.

కోశారు. నాన్నకి నిజం చెప్పాం, నాన్న బజారుకి అపెండిక్స్ అని చెప్పాడు. కోత సంగతి నాకు తెలియనే లేదు, మత్తులో ఉన్నాను. తెలిసింది ఆ తరవాతి మొదటి ఉదయం. మా ఇంట్లో పటాలున్న దేవుళ్ళనీ, లేని దేవుళ్ళనీ కూడా బాత్రూంలోంచి పేరు పేరునా పిలిచానట. ఆ తరవాత రోజుకి మూడుసార్లు ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్ళు. అందులో కూర్చుంటే స్వర్గం, లేస్తే భూలోకం. వారానికి నొప్పి తగ్గింది, నెలకి మనిషినయ్యాను, గట్టి బల్ల మీద కూర్చోవాలంటే మాత్రం భయం పోలేదు. ఆ మొదటి వారంలోనే బాబాయి బెల్లం అచ్చు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. మంచం చుట్టూ ఒకసారి తిరిగి, "అపెండిక్స్ కడుపులో కదా ఉంటాది, నువ్వు బోర్లా పడుకున్నావేటిరా?" అన్నాడు. "నిద్రొస్తోంది బాబాయ్" అని దిండులో మొహం దాచుకున్నాను.

గండం గడిచిందనుకున్నాను. అప్పుడు మామ్మ చల్లగా చెప్పింది: "అమ్మకి మొక్కీసాన్రా. నీకు తగ్గితే ఈ యాత్రకి పులేసం కట్టిస్తానని."

"నన్నడక్కుండా మొక్కేశావా?"

"నిన్నడిగితే తగ్గుతాదేటి?"

మా ఊళ్ళో అమ్మవారికి రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర అని జాతర జరుగుతుంది. ఆ నెల్లాళ్ళూ ఏ వీధి చూసినా మొక్కుబడి వేషాలే. రోగం తగ్గితే వేషం, పిల్లలు పుడితే వేషం. వేషగాడు ఎదురైతే దారినపోయేవాళ్ళు ముందడిగే మాట ఒకటే: "ఏటి మొక్కు?" ఆ మాత్రం అబద్ధం నేనాడలేనా, అపెండిక్స్ అనేస్తాననుకున్నాను. మామ్మ నా మొహం చూసి పట్టేసింది. "ఒంటి మీద అమ్మేసం ఉండగా అబద్ధం ఆడకూడదు. ఆడితే మొక్కు సెల్లదు. మళ్ళీ ఒస్తాది. రెండింతలు ఒస్తాది" అంది. ఈ నియమం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు, మామ్మ శాస్త్రంలో ఉంది. నేను చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నమ్మను. కానీ ఆ రెండింతలు అన్న మాట ఉంది చూశారూ, దాన్ని కాదనడానికి చదువు చాలలేదు.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. పులి మాట్లాడదు కదా. మొహానికి తొడుగు, నోటికి తాళం. డాక్టరమ్మని అడిగాను, రెండు నెలలయింది కాబట్టి గెంతినా భయం లేదంది. మా వాళ్ళెవరూ రాని చోటు చూసుకుని, స్టేషను అవతలి వీధిలో పులివేషాలు దిద్దే ఒక ఒడియా తాత దగ్గరికి తెల్లారకుండా వెళ్ళి చెడ్డీతో నిలబడ్డాను. ఆయన నా వీపుకి పసుపుపచ్చ పూసి, నడుముకి వెదురుబద్ద తోక బిగించి కట్టాడు. (నేను కెవ్వుమన్నాను. "పులి ఇప్పుడే వచ్చేసిందే!" అని ఆయన ఆనందించాడు.) చేతులు చాచి రెండు కర్రలు పట్టుకుని రంగు ఆరబెట్టుకుంటూ ఉండగా తలుపు కిర్రుమంది. లోపలికి వచ్చినవాడు బాబాయి.

"నువ్వేటి ఇక్కడ?" అన్నాం ఇద్దరం. ముందు తేరుకున్నది ఆయనే. "ఓహో, పులి! ఏటి మొక్కురా?" అన్నాడు, కళ్ళు మెరిసిపోతూ. నోట్లో అపెండి దాకా వచ్చింది. మామ్మ గుర్తొచ్చి మింగేశాను. "సెప్పకూడదు బాబాయ్." "సెప్పకూడని మొక్కేటిరా? ఆడపిల్ల గొడవేటి?" "కాదు." "పరీక్ష తప్పావేటి?" "కాదు." పారిపోదామంటే వీపు తడి, తోక గుమ్మంలో పట్టదు. ఆయన అడుగుతూనే చొక్కా విప్పి తనూ చేతులు చాచాడు, తాత ఆయన బానపొట్టకి పసుపు పూయడం మొదలెట్టాడు. బాబాయికీ మొక్కుందా అని నేను ఆశ్చర్యపోయేలోగా తాత, "ఇంక కాళ్ళకి వెయ్యాలి. బొసొ బాబూ, బొసొ. ఇద్దరూ ఆ బల్ల మీద కూర్చోండి" అన్నాడు.

"ఒద్దొద్దు, నిలబడతాను!" అన్నాం, ఒకేసారి, ఒకే గొంతుతో.

బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. నేనూ చూశాను. ఎన్నో ఏళ్ళుగా ఆయన గద్దీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంటే అది పెద్ద వ్యాపారి దర్జా అనుకునేవాళ్ళం.

"నీకెన్నాళ్ళయింది?" అన్నాడు నెమ్మదిగా.

"రెండేళ్ళు. కోయించేసుకున్నాను. నీకో?"

"పద్నాలుగు." గొంతు తగ్గిపోయింది. "తగ్గించమని ముందే పులేసం కట్టీస్తానని మొక్కుకున్నాన్రా. ఈమధ్య రోజూ రత్తం పోతోంది. మీ పిన్నికి కూడా సెప్పనేదు. కోస్తారంటే భయంరా నాకు, సచ్చిపోతానేమోనని."

ఊరంతటికీ పేర్లు పెట్టిన నోట భయమన్న మాట నేను వినడం అదే మొదటిసారి. ఒక్కసారిగా జాలేసింది. అన్నీ చెప్పేశాను. కంద, చికిటి బస్సు, మలాం, రబ్బరు బ్యాండు, మత్తు, టబ్బు, ఏదీ దాచలేదు. రక్తం పడితే మొలలేలే అని ఊరుకోకూడదని, అది ఇంకేదైనా కావచ్చనీ, ముందు చూపించుకుని తీరాలని డాక్టరమ్మ అన్న మాటా చెప్పాను. ఆయన అన్నీ విని, "మరి కోసాక మొదటి రోజు ఎల్లినప్పుడు... ఎలాగుంటాదిరా?" అన్నాడు. ఏమీ ఉండదని ఓదారుద్దామనుకున్నాను. కానీ ఒంటి మీద పులి ఉంది. "నరకం బాబాయ్. అరిచాను. కానీ వారం తిరిగేసరికి తగ్గిపోయింది" అన్నాను. "ఏటీ ఉండదని నువ్వన్నట్టయితే వచ్చీవోణ్ణి కాదు. నిజం సెప్పావు, ఒస్తాను, తీసుకెళ్ళు" అన్నాడు.

ఆ రోజు డప్పుల వెనకాల రెండు పులులు కాళ్ళు ఎడంగా పెట్టి, ఆచితూచి గెంతాయి. ఇదేదో కొత్త అడుగనుకుని జనం ఈలలేశారు. వారంలోగా బాబాయిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అన్ని పరీక్షలూ చేసి మొలలే అని తేల్చి, కోసి పంపించింది. నా టబ్బు ఆయనకిచ్చేశాను. మొదటి ఉదయం తలుపు బయట నేనే నిలబడి ధైర్యం చెప్పాను. ఆయన లోపలినుంచి నన్నూ, మా వంశాన్నీ తిట్టాడు, నేనేమీ అనుకోలేదు.

తరవాత నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, బడికెళ్ళారు. బజారులో కొత్తగా ఎన్ని పేర్లు పుట్టినా నాకు మాత్రం పేరు పడలేదు. ఇదేటని అందరూ వింతగా అనుకునేవారు. నాన్న అయితే కొంచెం నామోషీ పడ్డాడు కూడా.

పోయినేడు బాబాయి మంచాన పడితే చూడ్డానికి వెళ్ళాను. వయసు మీద పడింది, అంతే. గదిలో ఎవరూ లేకుండా చూసి దగ్గరికి రమ్మన్నాడు. "నీకూ పెట్టాన్రా పేరు. ఆ యేళే, రంగు ఆరకముందే పెట్టీసాను. ఎంత బాగా కుదిరిందనుకున్నావు! ఇంత మంచి పేరు ఈ బజారులో ఎవడికీ పెట్టనేదు. ఇన్నేళ్ళూ నోరు నొక్కుకుని దాసుకున్నాను, ఎంత కష్టమో తెలుసా" అన్నాడు.

"ఏటది బాబాయ్?"

"సెప్పను. సెప్తే నువ్వే ఊరంతా సెప్పీసుకుంటావు, అంత బాగుంటాది" అని దగ్గొచ్చేదాకా నవ్వాడు. పది రోజులకి పోయాడు.

ఇప్పుడు కొట్లో పని లేనప్పుడు గద్దీ మీద హాయిగా మఠం వేసుక్కూర్చుని, మూసున్న ఆ ఎదురుకొట్టు కేసి చూస్తూ, నాకు నేనే ఒక్కో పేరూ పెట్టుకుని చూసుకుంటాను. నవ్వొస్తుంది, కళ్ళల్లో నీళ్ళూ వస్తాయి. (మిరపకాయలని అంటాను, అడిగినవాళ్ళతో.) ఎంత ఆలోచించినా, ఒక్కటీ ఆయన పెట్టినట్టు కుదరదు.